పద్దెనిమిదికి పద్దెనిమిది

గదగలో ఆ కాలంలో బి.కాం. చదివిన వాళ్ళ ముందు గురుశాంతప్ప మెణసినకాయి పేరెత్తితే సగం మంది నవ్వేవారు, తక్కిన సగం మంది మాట మార్చేవారు. మెణసినకాయి అంటే మిరపకాయ. అది ఇంటిపేరు. ఆ పేరు పెట్టిన ముత్తాత ఎవరో గానీ, మనవడు పేపర్లు దిద్దే తీరు ముందే కలగన్నాడని పిల్లలు చెప్పుకునేవారు. ముప్పై మూడేళ్ళు ఒకే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పారాయన. తెల్ల ధోవతి, బూడిద రంగు కోటు, జేబులో రెండు ఎర్ర పెన్నులు. ఒకటి రాయడానికి, రెండోది మొదటిది మొరాయిస్తే ఆదుకోవడానికి. ఏదీ గాలికి వదిలేసే మనిషి కాదు.

ఆయనకు పేరు తెచ్చింది పాఠం కాదు, మూడో దిద్దుబాటు. విశ్వవిద్యాలయంలో డిగ్రీ పేపరు ప్రతిదీ ఇద్దరు దిద్దుతారు, ఒకరు వేసింది ఒకరికి తెలియకుండా. ఇద్దరి మధ్యా పదిహేను మార్కులో అంతకు మించో తేడా వస్తే ఆ పేపరు మూడో మనిషి దగ్గరికి పోతుంది. లోపలి మార్కుల మీద కాగితం ముక్కలు అంటించి, జిగురు ఆరకముందే తెచ్చి గురుశాంతప్ప బల్ల మీద పెట్టేవారు. ఆయన వేసిందే ఖరారు. పాస్ చేసినా ఆయనే, ముంచినా ఆయనే. పిల్లల పేర్లు, ఊళ్ళు ఏవీ ఉండవు, పైన ఒక రహస్య సంఖ్య తప్ప.

పరీక్షల బోర్డుకు అధ్యక్షుడు కూడా ఆయనే కాబట్టి ప్రశ్నపత్రమూ, దాని స్కీమూ ఆయన చేతి మీదుగానే వచ్చేవి. స్కీము అంటే ఏ లెక్కకు జవాబెంత, ఏ మెట్టుకు ఎన్ని మార్కులు అని దిద్దేవాళ్ళకు పంచే కాగితం. కింద ఆయన సంతకం ఉండేది. మెణసినకాయి స్కీములో తప్పు పట్టినవాడు ఇంకా పుట్టలేదని పేపర్లు దిద్దే క్యాంపుల్లో అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. సంతోషం దాచుకోవడానికి ఆయనకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

మార్కుల గురించి ఇంటికొచ్చే పిల్లల్ని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. 1984లో చెన్నబసప్ప అని, బెటగేరి నేతగాళ్ళ అబ్బాయి, క్లాసులో ముందు బెంచీవాడు, తక్కినవన్నీ పాసై స్టాటిస్టిక్స్ ఒక్కదాంట్లో పోయాడు. ఆ పేపరు కూడా గురుశాంతప్ప తయారు చేసిందే. వాకిట్లో నిలబడి చేతులు కట్టుకుని చెప్పాడు.

"సార్, మధ్యగతం లెక్క నేను సరిగ్గానే చేశాను సార్. మీరు చెప్పినట్టే పందొమ్మిదిన్నర నుంచి మొదలెట్టాను."

"ఇంటికెళ్ళాక అందరూ సరిగ్గానే చేస్తారు తమ్మా," అన్నారు గురుశాంతప్ప.

ఆ మాట కాలేజీ అంతా పాకి, ఏళ్ళ తరబడి నవ్వుకోవడానికి పనికొచ్చింది. చెన్నబసప్ప మాత్రం మళ్ళీ పరీక్ష కట్టలేదు. మగ్గం గుంటలో దిగాడని ఎవరో అన్నారు. విని, సరేనన్నట్టు తలాడించి, గురుశాంతప్ప పాఠంలో పడిపోయారు. నిజం చెప్పొద్దూ, అప్పుడాయన మనసులో ఒక్క గీత కూడా పడలేదు.

*

1993 జూన్‌లో జరిగిందే ఆయన చివరి క్యాంపు. నెలాఖరుకు పదవీ విరమణ. చివరి రోజున అందరి ఎదుటా శాలువా కప్పి పంపాలని క్యాంపువాళ్ళు ఏర్పాట్లు చేసుకున్నారు. ముప్పై మూడేళ్ళలో ఆయన ఆశపడి ఎదురుచూసిన గౌరవం అదొక్కటే. ఇంట్లో భార్య నాగవ్వతో కూడా రెండుసార్లు అన్నారు, ఆమె అడగకుండానే.

అయితే ఆ ఏడు మూడో దిద్దుబాటు కుప్ప చూసి ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. ఏటా స్టాటిస్టిక్స్‌లో నలభయ్యో యాభయ్యో వచ్చేవి. ఈసారి మూడు వందల పన్నెండు. మిర్చి బజ్జీలూ మసాలా మరమరాల గిర్మిటూ ముందు పెట్టుకుని కుర్ర లెక్చరర్లంతా చాయ్ తాగుతుంటే వెళ్ళి నిలబడ్డారు.

"ఏమయ్యా, ఒకరు కళ్ళు మూసుకునీ ఒకరు కళ్ళు తెరిచీ దిద్దుతున్నారా? మూడు వందల పేపర్లు నా నెత్తిన పోశారు. స్కీము చదివినవాళ్ళు చేతులెత్తండి చూద్దాం."

అందరూ ఎత్తారు. రోణ కాలేజీలో కొత్తగా చేరిన కస్తూరి బడిగేర్ ఎత్తిన చెయ్యి దించకుండానే అంది, "చదివాను సార్. ఏడో లెక్క దగ్గర నాకొక అనుమానం..."

"నీ సర్వీసెంతమ్మా?"

"రెండేళ్ళు సార్."

"రెండేళ్ళకే అనుమానాలా? నాకు ముప్పయ్యేళ్ళకి కూడా రాలేదే!"

"లెక్క నేను చేసి చూశాను సార్..."

"నిన్ను లెక్క చేయమన్నదెవరమ్మా? దిద్దమన్నారు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. కస్తూరి చెయ్యి దించుకుని చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. గురుశాంతప్ప ఒక బజ్జీ అందుకుని, తొడిమె తుంచి, తన గదికి పోయారు.

ఆ మధ్యాహ్నం నలభై పేపర్లు దిద్దారు. ఏడో లెక్క పద్దెనిమిది మార్కులది. స్కీములో జవాబు ఇరవై ఏడున్నర. పక్కనే తన చేతిరాత, రెండు గీతలు కొట్టి మరీ: ఆరంభ అంకె తప్పితే తర్వాతి మెట్లకు మార్కులు లేవు. కుప్పలో చాలామంది ఇరవై ఏడు అని రాశారు. పట్టిక వేసినందుకు మూడు పడేసి, తక్కింది అడ్డంగా కొట్టేస్తూ పోయారాయన. అందరూ ఒకే తప్పు చేస్తుంటే కాపీ కొట్టారేమోననే అనుమానం కూడా వచ్చింది.

నలభై ఒకటో పేపరులో ఎవరో పిల్లో పిల్లాడో లెక్క పక్కన ఒక వాక్యం రాశారు. "తరగతుల నడుమ సందు ఉంది. అటు సగం ఇటు సగం పంచాలి. కాబట్టి 19.5 నుంచి."

ఎర్ర పెన్ను ఆగింది. ఆ మాటలు ఆయనవే. ఏటా మొదటి నెలలోనే బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తూ అనేవారు: నడుమ సందు చూడండి, అటు సగం ఇటు సగం పంచండి. పదీ ఇరవై, ఇరవై ముప్పై అని తరగతులుంటే సందు ఉండదు, ఇరవై నుంచే మొదలు. పదీ పందొమ్మిది, ఇరవై ఇరవై తొమ్మిది అని ఉంటే మాత్రం పందొమ్మిదికీ ఇరవైకీ మధ్య సందు ఉంటుంది. అప్పుడు పందొమ్మిదిన్నర నుంచి మొదలెట్టాలి. క్యాంపుకు వచ్చిన ఈ మూడు రోజుల్లో ఆయన స్కీమే చూశారు గానీ ప్రశ్నపత్రం చూడలేదు. తాను తయారు చేసిన ప్రశ్నే కదా, చూసేదేముంది. ఇప్పుడు సొరుగులోంచి తీసి చూశారు.

10–19, 20–29, 30–39.

జవాబు ఇరవై ఏడే. ఇరవై ఏడున్నర కాదు.

ఆయన మూడుసార్లు చేసి చూశారు. నాలుగోసారి చేయడానికి చెయ్యి రాలేదు. కిటికీ బయట జల్లు మొదలై, ఎండిన నేల వాసన గదిలోకి వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోబోయి, మళ్ళీ పెట్టుకున్నారు.

*

సాయంత్రం ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా పెట్టెలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీశారు. ఆయన తయారు చేసిన ప్రశ్నలన్నీ, జవాబులతో సహా, అందులో ఉంటాయి. ఆ లెక్క దొరికింది. మొదట నల్ల సిరాతో 20–30 అని రాసి ఉంది. పిల్లలకు సందు సంగతి గుర్తుందో లేదో చూద్దామని తర్వాత దాన్ని కొట్టేసి నీలం సిరాతో 20–29 అని దిద్దారు. ప్రశ్న దిద్దారు. కింద జవాబు దిద్దలేదు. నల్ల సిరాతో ఇరవై ఏడున్నర అట్లాగే కూర్చుని ఉంది. ఈ ఏడు రెండూ కలిపి ఎత్తి రాశారు.

పక్కన మార్జిన్‌లో తన చేత్తోనే రాసుకున్న తేదీ: ఏప్రిల్ 84.

"పిండి కలిపి గంటైంది," అంది నాగవ్వ వంటింట్లోంచి. "రొట్టెలు తట్టనా, ఈ పూట ఆ పుస్తకమే తింటారా?"

ఆయన వెళ్ళి గడప మీద కూర్చుని అంతా చెప్పారు. నాగవ్వ ఏడో తరగతి దాకా చదివింది. లెక్క అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది.

"ఇంకెవరికైనా తెలుసా?"

"ఒక పిల్ల కనిపెట్టింది. చెప్పబోతే నేనే నోరు మూయించాను. అందరిలో నవ్వులపాలు చేశాను."

"మరి మీరు చెబితే?"

"శాలువా ఉండదు. ఇన్నేళ్ళ పేరూ ఉండదు. పేపర్లన్నీ మళ్ళీ విప్పాలి. మెణసినకాయి మూలంగా అని ఊరంతా తిడుతుంది."

నాగవ్వ ఒక రొట్టె తట్టి పెనం మీద వేసింది. తడి గుడ్డతో దాని మీద అద్దింది. "ఆ శాలువా తెచ్చి ఎవరి చేతికిస్తారు? నా చేతికేగా. మడత పెట్టి, కలరా ఉండలేసి పెట్టెలో దాచేది నేనేగా. దొంగ శాలువా నేను దాచను. ముందు కోటు విప్పండి, తిందురు గానీ."

*

పరీక్షల అధికారి కరవీరయ్య హిరేమఠ్ మంచివాడే. చెడ్డవాడైతే గురుశాంతప్పకు పని ఇంకా తేలికయ్యేది. అంతా విని, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"సార్, కుప్ప మీ దగ్గరే ఉంది కదా. మూడు వందల పన్నెండూ మీరే సరిగ్గా దిద్దేయండి. ఇరవై ఏడు రాసినవాళ్ళకు పద్దెనిమిదీ వేసేయండి. పిల్లలకు న్యాయం జరుగుతుంది, మీ మర్యాదా ఉంటుంది. మూడో కంటికి తెలియదు."

"కుప్పలోకి వచ్చినవాళ్ళు అదృష్టవంతులు కరవీరయ్యా. ఇద్దరిలో ఒకరు నా మాట వినకుండా సొంత బుర్రతో లెక్క చేశారు కాబట్టి తేడా వచ్చి ఇక్కడికి చేరారు. ఇద్దరూ నా మాట విన్న పేపర్లు ఇక్కడికి రావు. అవి మూడేసి మార్కులతో సీలు పడి గోదాములో ఉన్నాయి."

"తొమ్మిది వేల నాలుగు వందల పేపర్లు సార్," అన్నాడు హిరేమఠ్.

"తెలుసు."

"ఫలితాలు పదిహేను రోజులు ఆలస్యమవుతాయి. పిల్లలు రాళ్ళు వేస్తారు. పైవాళ్ళు నన్ను నిలదీస్తారు. నేనెవరి పేరు చెప్పను?"

"సంతకం ఎవరిదుందో వాళ్ళ పేరే చెప్పు." తాను రాసి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టారు గురుశాంతప్ప. "ఇంకొకటుంది. ఇదే ప్రశ్న, ఇదే స్కీము ఎనభై నాలుగులో కూడా ఇచ్చాను."

"ఆ పేపర్లు ఏనాడో కాగితం మిల్లుకు పోయాయి సార్. ఏడాది దాటితే ఉంచరు, మీకు తెలియనిదా?" హిరేమఠ్ గొంతు మెత్తబడింది. "దాన్ని మాత్రం వదిలేయండి. దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు."

ఆ రోజు చాయ్ వేళకు గురుశాంతప్ప మళ్ళీ కుర్ర లెక్చరర్ల బల్ల దగ్గరికి వెళ్ళారు. కస్తూరి లేచి నిలబడింది.

"కూర్చో అమ్మా. అందరూ వినండి. నిన్న ఈ అమ్మాయిని, నిన్ను లెక్క చేయమన్నదెవరు అని అడిగాను. ఎవరూ చేయమనకపోయినా చేసింది. ఏడో లెక్కలో నాది తప్పు, ఈమెది సరి. మీలో ఇంకా కొందరు చేసి ఉంటారు, నా భయానికి నోరెత్తలేదు. అదీ నా తప్పే."

ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. కస్తూరి తన ముందున్న గ్లాసు ఆయన వైపు జరిపింది. "కూర్చోండి సార్," అంది. "చల్లారిపోతుంది."

సీళ్ళు విప్పారు. ప్రతి పేపరులో ఏడో లెక్క మళ్ళీ చూశారు. తప్పు చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళవి తగ్గించవద్దని బోర్డు తీర్మానించింది. అది గురుశాంతప్ప అడిగిందే, వాళ్ళకు ఆశ పెట్టింది తన స్కీమే గనుక. ఫలితాలు ఆలస్యమయ్యాయి. పిల్లలు కాలేజీ గేటు ముందు బైఠాయించి మెణసినకాయి డౌన్ డౌన్ అన్నారు. ఆ కేకలు వింటూనే ఆయన ఆరు రోజులు లోపల కూర్చుని దిద్దారు. లెక్క తేలాక, తప్పినవాళ్ళలో నూట నలభై ఆరుగురు పాసయ్యారు.

శాలువా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఇక మీదట పరీక్షలకు సంబంధించిన ఏ పనికీ గురుశాంతప్ప మెణసినకాయిని పిలవరాదని, ఆయన ఏ జవాబు పత్రమూ దిద్దరాదని. ఆయన రెండుసార్లు చదివి నాగవ్వకిచ్చారు. ఆమె దాన్ని మడిచి, పెట్టెలో, శాలువా కోసం ఖాళీ చేసిన చోట పెట్టింది.

*

అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ఆయనకు అయిపోలేదు. జూలైలో ఒకరోజు కాలేజీకి వెళ్ళి ఎనభై నాలుగు నాటి రిజిస్టరు అడిగారు. గుమాస్తా తెచ్చిచ్చాడు. ఆ ఏడు తన క్లాసులో స్టాటిస్టిక్స్ తప్పినవాళ్ళు పదముగ్గురు. పేర్లు రాసుకుని గొడుగు పట్టుకుని బయల్దేరారు.

పదముగ్గురిలో అయిదుగురు దొరికారు. ఒకడు బస్సు కండక్టరు. గదగ బస్టాండులో బస్సు కదులుతుంటే మెట్టు మీద నిలబడి సంగతంతా విని పకపకా నవ్వాడు. "ఆ లెక్క నేను ముట్టుకోనే లేదు సార్! మీరేం బెంగపెట్టుకోకండి. రైట్ రైట్!" ఇంకొకామె కొప్పళలో కాపురం. ఏ లెక్కో ఏ పరీక్షో గుర్తులేదంది, భోజనం చేసి వెళ్ళమంది. మరో ఇద్దరు విసుక్కున్నారు. వాళ్ళు విసుక్కోవడం న్యాయమే.

చివరికి బెటగేరి వెళ్ళారు. అందరికంటే దగ్గరున్నవాణ్ణి ఆఖరున పెట్టుకున్నారంటే ఎందుకో చెప్పక్కర్లేదు. భయం.

చెన్నబసప్ప మగ్గం గుంటలో కూర్చుని అంచు చీర నేస్తున్నాడు. ముప్పయ్యేళ్ళుంటాయి, జుట్టు అప్పుడే పలచబడింది. గుమ్మంలో మాస్టారిని చూసి చెయ్యి ఆపాడు గానీ లేవలేదు. గుంటలోంచి లేవడానికి కొంత సమయం పడుతుంది. ఆయన లేవనివ్వలేదు. అక్కడే మట్టి అరుగు మీద కూర్చున్నారు.

"తమ్మా, నీకొక సంగతి చెప్పాలని వచ్చాను. ఎనభై నాలుగులో ఆ మధ్యగతం లెక్క..."

"ఇరవై ఏడు, సార్," అన్నాడు చెన్నబసప్ప.

గురుశాంతప్ప తలాడించి అన్నారు, "అవును. ఇరవై ఏడే. స్కీము తప్పు. నేను రాసిందే. నువ్వు నా వాకిట్లోకొచ్చి చెబితే, ఇంటికెళ్ళాక అందరూ సరిగ్గానే చేస్తారన్నాను. తప్పు నాది తమ్మా."

చెన్నబసప్ప మగ్గం మీద దారాలవైపు చూస్తున్నాడు. "తొమ్మిదేళ్ళు," అన్నాడు. "నాకే రాదనుకున్నాను సార్. మొదట్లో చేసి చూసుకునేవాణ్ణి. ఎన్నిసార్లు చేసినా ఇరవై ఏడే వచ్చేది. సారుకు తెలియదా, నాకే ఏదో అర్థం కాలేదు అనుకుని మానేశాను. మా నాయన పోయేదాకా అందరితో, మావాడికి లెక్కలు రావు, వచ్చుంటే బ్యాంకులో ఉండేవాడు అని చెప్పాడు. ఆయనకు చెప్పాల్సింది సార్, ఈ మాట. నాకు కాదు."

గురుశాంతప్ప కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. మాస్టారు ఏడుస్తుంటే చూడటం ఇబ్బందిగా ఉండి చెన్నబసప్ప పక్కనున్న కాగితాలు సర్దడం మొదలెట్టాడు. అంచుల బుట్టాలు గీసుకునే గళ్ళ కాగితాలవి. సర్దుతూ సర్దుతూ ఒక ఖాళీ కాగితం మోకాలి మీద పెట్టుకుని, పెన్సిలు తీసి, గీతలు కొట్టడం మొదలెట్టాడు. తరగతులు రాశాడు. పక్కన సంఖ్యలు రాశాడు, ఒక్కటి కూడా తడుముకోకుండా. 19.5 రాసి దాని కింద చిన్న గీత కొట్టాడు. చివర 27 రాసి కాగితం మాస్టారి చేతికిచ్చాడు.

"దిద్దండి సార్."

ఏ జవాబు పత్రమూ దిద్దరాదన్న ఉత్తరం ఇంట్లో పెట్టెలో ఉంది. గురుశాంతప్ప జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. మొదటిది మొరాయించింది. రెండోది తీశారు. ప్రతి మెట్టూ చదివి, ప్రతి మెట్టు పక్కనా టిక్కు పెట్టుకుంటూ వచ్చారు, ఎక్కడా తొందరపడలేదు. కింద పద్దెనిమిదికి పద్దెనిమిది అని వేసి చుట్టూ సున్నా చుట్టారు. సంతకం పెట్టారు. తేదీ దగ్గర చెయ్యి ఆగింది.

"ఏ తేదీ వేయమంటావు తమ్మా?"

చెన్నబసప్ప ఆలోచించాడు. "ఇవాళ్టిదే వేయండి సార్," అన్నాడు. "అప్పుడు ఇవ్వలేదు కదా."

ఆయన ఆ రోజు తేదీయే వేసి కాగితం తిరిగి ఇచ్చారు.